డాక్సోరూబిసిన్ నుంచి గుండె కణాలను కాపాడే పదార్థం క్యాన్సర్ కణాలను కూడా కాపాడితే ఎలా? ప్రయోగ రూపకల్పనపై సలహా కోరుతున్నాను

ప్రశ్న: హెబ్బాళ్ జేఆర్‌ఎఫ్

నమస్కారం. బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో ఈ ఏడాదే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరాను. క్యాన్సర్ చికిత్సలో వాడే డాక్సోరూబిసిన్ గుండె కండరానికి చేసే హానిని తగ్గించగల పదార్థాలను వెతకడం మా బృందం పని. నాకు అప్పగించినది ఒక మొక్క నుంచి వేరుచేసిన పాలీఫినాల్ (మొక్కల్లో ఉండే ఒక రకం యాంటీ ఆక్సిడెంట్ పదార్థం). పత్రం ఇంకా వెలువడలేదు గనుక దాని పేరు ఇక్కడ చెప్పలేను, మన్నించండి. ఎలుక పిండపు గుండె నుంచి వచ్చిన హెచ్9సీ2 కణాలకు ముందురోజు ఆ పదార్థాన్ని ఇచ్చి, మరునాడు 5 మైక్రోమోలార్ డాక్సోరూబిసిన్ కలిపి, 24 గంటల తరువాత ఎంటీటీ పరీక్ష (బతికిన కణాలను రంగు ద్వారా అంచనా వేసేది) చేస్తే, పదార్థం ఇచ్చిన వెల్స్‌లో (ప్లేటులోని గుంతల్లో) కణాలు స్పష్టంగా ఎక్కువ సంఖ్యలో బతికి ఉన్నట్టు కనిపిస్తోంది. కణం లోపల ఏర్పడి దాని భాగాలను దెబ్బతీసే రియాక్టివ్ ఆక్సిజన్ కూడా తగ్గినట్టే ఉంది.

ఈ ఫలితాలను ల్యాబ్ మీటింగులో చూపినప్పుడు ఒక సీనియర్ అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. "గుండె కణం చావకుండా ఆపుతున్న ఈ పదార్థం రొమ్ము క్యాన్సర్ కణం చావకుండా ఎందుకు ఆపదు? ఆపితే రోగికి మనం చేసేది మేలా, కీడా?" అని ఆయన అడిగారు. మా గైడ్ గారు ఆ ప్రశ్నను నాకే వదిలేసి, బాగా చదువుకుని ఒక ప్రణాళికతో రమ్మన్నారు.

నేను తెలుసుకోదలచినది ఇది. ఒకే మందు రెండు రకాల కణాలను చంపుతున్నప్పుడు, ఒకదాన్ని మాత్రమే కాపాడడం సూత్రరీత్యా సాధ్యమేనా? సాధ్యమైతే, పక్కనే ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలతో ఒక ప్లేటు పెట్టి అదే పరీక్ష చేసి చూపితే సరిపోతుందా, లేక ఇంకా ఏమైనా చేయాలా? ఈ రంగంలో పనిచేస్తున్నవారు, ముఖ్యంగా బెంగళూరు, చెన్నైలలో ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

---

జవాబు: కణవిహారి (బెంగళూరు)

మీ సీనియర్ అడిగినది ఈ రంగానికంతటికీ మూలమైన ప్రశ్న. విచిత్రమేమిటంటే, గుండె రక్షణ గురించి వచ్చే పత్రాల్లో చాలా భాగం ఆ ప్రశ్నను అడగకుండానే ముగుస్తాయి. కణితి లేని ఆరోగ్యవంతమైన ఎలుకకు డాక్సోరూబిసిన్ ఎక్కించి, దాని గుండెను కాపాడామని చెప్పి ఊరుకుంటారు. క్యాన్సర్ లేని ప్రాణికి ఆ మందుతో అవసరమే లేదు కదా.

సూత్రరీత్యా సాధ్యమేనా అంటే, సాధ్యమే. అయితే ఎందుకు సాధ్యమో అర్థమైతేనే మీ పదార్థాన్ని ఏ విధంగా పరీక్షించాలో తెలుస్తుంది. మన కణాల్లో టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము ఉంటుంది. చిక్కుపడిన నూలును విడదీయడానికి ఒక పోగును తెంపి, దాని సందులోంచి రెండో పోగును దాటించి, మళ్ళీ ముడివేసినట్టుగా అది డీఎన్ఏ రెండు పోగులనూ కోసి తిరిగి అతుకుతుంది. డాక్సోరూబిసిన్ కోత జరిగాక అతుకు పడకుండా అడ్డుపడుతుంది, దాంతో డీఎన్ఏ తెగినది తెగినట్టే ఉండిపోతుంది. ఈ ఎంజైముకు ఆల్ఫా, బీటా అని రెండు రూపాలున్నాయి. ఆల్ఫా రూపం ప్రధానంగా విభజన చెందే కణాల్లో ఉంటుంది, కణితి కణాల్లో అది సమృద్ధిగా దొరుకుతుంది. పెద్దవారి గుండె కండర కణాలు దాదాపుగా విభజన చెందవు. అణుపరీక్షల వల్ల వాతావరణంలో చేరిన కార్బన్-14 ఆధారంగా 2009లో వేసిన లెక్క ప్రకారం, ఇరవై అయిదేళ్ళ వయసులో ఏడాదికి సుమారు 1 శాతం, డెబ్బై అయిదేళ్ళ వయసులో సుమారు 0.45 శాతం గుండె కణాలు మాత్రమే కొత్తవి వస్తాయి. కాబట్టి ఆ కణాల్లో ఉండేది బీటా రూపమే.

హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో ఎడ్వర్డ్ యే బృందం 2012లో నేచర్ మెడిసిన్ పత్రికలో ప్రకటించిన ప్రయోగం ఇక్కడే కీలకమైంది. గుండె కండర కణాల్లో మాత్రమే బీటా రూపపు జన్యువును తొలగించిన ఎలుకలకు డాక్సోరూబిసిన్ ఇస్తే, వాటి గుండె పనితీరు క్షీణించకుండా నిలిచింది. బీటా రూపం ఉన్న ఎలుకల్లో డీఎన్ఏ తెగడంతో పాటు, మైటోకాండ్రియాల నిర్మాణాన్ని నడిపే పీజీసీ-1 ఆల్ఫా, బీటా జన్యువులు కూడా అణిగిపోయాయి, ఆ తరువాతే రియాక్టివ్ ఆక్సిజన్ పెరిగింది. అంటే మనం పాఠ్యపుస్తకాల్లో మూలకారణంగా చదువుకున్న రియాక్టివ్ ఆక్సిజన్ ఈ వరుసలో చివరి మెట్ల వద్ద కనిపిస్తుంది. కణితిని చంపే పని ఎక్కువగా ఆల్ఫా ద్వారా, గుండెను దెబ్బతీసే పని ఎక్కువగా బీటా ద్వారా జరుగుతున్నప్పుడు, ఆ రెంటి మధ్య ఉన్న తేడాలోనే రక్షణకు చోటు దొరుకుతుంది.

ఈ తేడాను పట్టించుకోకుండా కణం బతకడానికి తోడ్పడే ఏ మార్గాన్నైనా ఉత్తేజపరిస్తే ప్రమాదం. పీఐ3కే, ఏకేటీ మార్గం గుండె కణాన్ని చావు నుంచి తప్పిస్తుంది, అదే మార్గం అదుపు తప్పడం అనేక క్యాన్సర్లకు ఊపిరి. పీ53ని అణిచితే డాక్సోరూబిసిన్ వల్ల గుండె కణాలు చావడం తగ్గుతుందని ఎలుకల్లో చూపారు. కానీ కణితిని అడ్డుకునే ప్రధానమైన ప్రొటీన్‌ను క్యాన్సర్ రోగిలో అణచమని ఏ వైద్యుడికి చెప్పగలం? పాలీఫినాల్స్‌లో చాలావాటికి, ఆక్సీకరణ నుంచి కణాన్ని కాపాడే జన్యువులను నడిపే ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను మేల్కొలిపే గుణం ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్ని, ఎన్ఆర్ఎఫ్2ను అణిచి ఉంచే కీప్1 జన్యువును పాడుచేసుకుని, ఆ ఎన్ఆర్ఎఫ్2నే మందులను తట్టుకోవడానికి వాడుకుంటాయి. మీ పదార్థం పనిచేసే తీరు ఇదే అయితే, మీ సీనియర్ అనుమానానికి గట్టి ఆధారమే ఉన్నట్టు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి చెప్పి ముగిస్తాను. ఇటలీలోని ట్యూరిన్‌లో ఎమీలియో హిర్ష్ బృందం 2018లో సర్క్యులేషన్ పత్రికలో, పీఐ3కే గామా రూపాన్ని నిరోధిస్తే ఎలుకల్లో గుండె దెబ్బతినడం తగ్గిందనీ, అదే సమయంలో కణితి పెరుగుదల కూడా తగ్గిందనీ చూపింది. గుండె కణాల్లో ఆగిపోయిన ఆటోఫజీ (కణం తనలోని పాడైన భాగాలను తానే జీర్ణించుకోవడం) తిరిగి సాగడం ఒక కారణం, కణితిపై రోగనిరోధక వ్యవస్థ చురుకుదనం పెరగడం మరొక కారణం. గుండెకూ కణితికీ ఒకే పదార్థం రెండు వేర్వేరు పనులు చేయగలదని దీనివల్ల తెలుస్తుంది. అయితే కణితి ఉన్న ఎలుకల్లో పరీక్షించారు గనుకనే వారికి ఆ సంగతి తెలిసింది.

---

జవాబు: సింహపురి (చెన్నై)

కణవిహారి గారు చెప్పిన దానిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తూనే, ఒక విషయంలో విభేదిస్తున్నాను. టోపోఐసోమరేజ్ బీటా కథ అందంగా ఉండడం వల్ల, ఇనుమునూ మైటోకాండ్రియానూ పక్కకు నెట్టేసే అలవాటు పెరిగిపోయింది.

గుండె కండర కణం ఘనపరిమాణంలో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాలే ఆక్రమిస్తాయి. వాటి లోపలి పొరలో ఉండే కార్డియోలిపిన్ అనే కొవ్వుకు డాక్సోరూబిసిన్ గట్టిగా అంటుకుంటుంది. 2014లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌లో వచ్చిన ఒక అధ్యయనం, డాక్సోరూబిసిన్ వల్ల మైటోకాండ్రియాల్లో ఇనుము పోగుపడుతుందనీ, ఆ ఇనుమును తగ్గిస్తే గుండెకు రక్షణ లభిస్తుందనీ చూపింది. ఇనుము సాయంతో పొరల్లోని కొవ్వులు ఆక్సీకరణ చెంది కణం చనిపోయే పద్ధతికి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. 2019లో చైనా శాస్త్రవేత్తలు డాక్సోరూబిసిన్ ఇచ్చిన ఎలుకల గుండెల్లో ఇదే పద్ధతి నడుస్తోందనీ, దాన్ని అడ్డుకునే ఫెరోస్టాటిన్-1 ఇస్తే ఎలుకల మరణాలు తగ్గాయనీ ప్రకటించారు. ప్రశ్న అడిగినవారు తప్పక గమనించవలసిన వివరం ఆ పత్రంలో ఒకటుంది. ఎన్ఆర్ఎఫ్2 మేల్కొని హీమ్ ఆక్సిజనేజ్-1 అనే ఎంజైమును పెంచడం వల్ల, ఇనుము ఉండే హీమ్ అనే పదార్థం విచ్ఛిన్నమై ఇనుము విడుదల కావడమే ఆ ఎలుకల్లో హానికి దారితీసింది. పాలీఫినాల్ ఎన్ఆర్ఎఫ్2ను పెంచింది కాబట్టి గుండెకు మంచిదే అయి ఉంటుందని రాసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇక మీ పరీక్ష విషయం. నేను పత్రాలు సమీక్షించేటప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది ఎంటీటీ. అది చావును కొలవదు, పసుపు రంగు పదార్థాన్ని ఊదారంగుకు క్షయకరణం చేసే శక్తి కణానికి ఎంత ఉందో కొలుస్తుంది. ఆ పనిని పాలీఫినాల్ కణంతో నిమిత్తం లేకుండా తానే చేయగలదు. కణాలు లేని వెల్స్‌లో మీ పదార్థాన్ని, ఎంటీటీని మాత్రమే కలిపి చూడండి. రంగు వస్తే, మీరు చూస్తున్న రక్షణలో కొంత భాగం రసాయనం చేసిన మాయ. డాక్సోరూబిసిన్ కూడా ఎర్రటిది, సుమారు 480 నానోమీటర్ల వద్ద కాంతిని పీల్చుకుని 590 ప్రాంతంలో వెలువరిస్తుంది. ఫ్లోరెసెన్స్‌తో రియాక్టివ్ ఆక్సిజన్ కొలిచేవారు ఆ వెలుగును వేరుచేసి చూడకపోతే అంకెలు తారుమారవుతాయి.

అదే గుణం మీకు ఒక విధంగా మేలు కూడా చేస్తుంది. డాక్సోరూబిసిన్ సొంత వెలుగును కొలిస్తే కణం లోపలికి ఎంత మందు వెళ్ళిందో తెలుస్తుంది. మీ పదార్థం మందును లోపలికే రానివ్వకుండా ఆపుతోందా, లేక వచ్చిన మందును పంపు ప్రొటీన్ల ద్వారా బయటికి నెట్టిస్తోందా అన్నది ముందుగా తేల్చుకోండి. ఆ రెండింటిలో ఏది నిజమైనా, దాన్ని గుండె రక్షణ అని పిలవడానికి వీలులేదు. కణితిలోనూ అదే జరిగితే చికిత్సే పోతుంది.

---

జవాబు: కణవిహారి (బెంగళూరు)

సింహపురి గారు, ఎంటీటీ గురించి మీరన్నది అక్షరాలా నిజం. ఇనుము విషయంలో మాత్రం ఒక మాట. డాక్సోరూబిసిన్ నుంచి గుండెను కాపాడడానికి ఇచ్చే డెక్స్రాజోక్సేన్ అనే మందు చాలాకాలం పాటు ఇనుమును బంధించే పదార్థంగానే పేరుపొందింది. అది నిజంగా ఇనుమును పట్టడం వల్లే గుండెను కాపాడుతుంటే, ఇనుమును బాగా బంధించే ఇతర మందులు కూడా అదే పని చేయాలి. అవి ఆ స్థాయిలో చేయలేదు. అంతకంటే తీర్పు చెప్పే ప్రయోగం 2009లో వచ్చింది. డెక్స్రాజోక్సేన్‌కు దగ్గరి చుట్టమై, ఇనుమును పట్టగలిగి, టోపోఐసోమరేజ్‌పై మాత్రం పనిచేయని ఐసీఆర్ఎఫ్-161 అనే పదార్థాన్ని ఎలుకలకు ఇస్తే గుండెకు రక్షణ లభించలేదు. డెక్స్రాజోక్సేన్ ఆ ఎంజైమును మూసుకున్న స్థితిలో బంధించడం, ఆ తరువాత బీటా రూపాన్ని కణమే విచ్ఛిన్నం చేసుకోవడం ముందే తెలిసిన విషయాలు.

మైటోకాండ్రియాలోని ఇనుము మాటను నేను కొట్టిపారేయడం లేదు, మీరు ఉదహరించిన 2014 అధ్యయనంలో డెక్స్రాజోక్సేన్ అక్కడి ఇనుమును తగ్గించింది కూడా. బహుశా రెండు దారులూ ఒకే కణంలో కలుస్తున్నాయి. కానీ ఎంచుకోదగిన దారి ఏదని అడిగితే, గుండెకూ కణితికీ మధ్య తేడా ఎక్కువగా కనిపించే దారినే నేను ఎంచుకుంటాను. ఫెరోప్టోసిస్‌ను కణితులపై ఆయుధంగా వాడాలని చూస్తున్నవారు కూడా ఉన్నారని మరువకూడదు. దాన్ని శరీరమంతటా ఆపడం క్యాన్సర్ రోగికి ఉచితంగా వచ్చే మేలు కాబోదు.

---

జవాబు: నీలాంగరై (చెన్నై)

నేను పరిశోధకుణ్ణి కాను. చెన్నైలో క్యాన్సర్ రోగుల గుండె పరీక్షలు చూసే వైద్యుణ్ణి, స్వస్థలం చిత్తూరు. ప్రయోగశాలలో మీరు చేసేది చివరికి ఏ ప్రశ్నలను ఎదుర్కోవలసి ఉంటుందో చెప్పడం నా వంతు అనిపించింది.

డాక్సోరూబిసిన్‌ను అమెరికాలో 1974లో ఆమోదించారు. ఎంత మోతాదు వరకు సురక్షితం అన్న ప్రశ్న అప్పటినుంచీ మాతోనే ఉంది. శరీర ఉపరితలం చదరపు మీటరుకు మొత్తం 400 మిల్లీగ్రాములు చేరేసరికి 3 శాతం, 550 వద్ద 7 శాతం, 700 వద్ద 18 శాతం మందిలో గుండె వైఫల్యం కనిపించిందని 1979లో వెలువడిన లెక్క చెప్పింది. 2003లో మూడు ప్రయోగాల సమాచారాన్ని తిరిగి పరిశీలించినప్పుడు అవే మోతాదులకు 5, 26, 48 శాతాలుగా తేలింది. అందుకే ఈనాడు రొమ్ము క్యాన్సర్‌లో సాధారణంగా 60 చొప్పున నాలుగు విడతలు, అంటే మొత్తం 240 దగ్గరే ఆగుతాము. తక్కువ మోతాదు అంటే నిశ్చింత అని మాత్రం కాదు. మిలాన్‌లో 2625 మంది రోగులను అనుసరించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో సుమారు 9 శాతం మందికి గుండె పనితీరు తగ్గింది, వారిలో 98 శాతం కేసులు మొదటి ఏడాదిలోనే బయటపడ్డాయి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో దెబ్బకు బయటికి పంపే రక్తపు శాతం) పడిపోయేదాకా ఆగకుండా, ఎకోలో గుండె కండరం సాగే తీరు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ చూస్తూ ముందే పసిగట్టాలని ప్రయత్నిస్తున్నది అందుకే.

ఈ పనికోసమే ఆమోదం పొందిన మందు డెక్స్రాజోక్సేన్. అమెరికాలో 1995లో వచ్చింది. డాక్సోరూబిసిన్‌కు పది రెట్ల మోతాదులో, దానికి ముందు అరగంటలోపు ఇస్తారు. మీ సీనియర్ వేసిన ప్రశ్నే ఆ మందును ఎన్నేళ్ళు వెంటాడిందో చూడండి. 1997లో ప్రకటించిన ప్రయోగాల్లో ఒకదానిలో డెక్స్రాజోక్సేన్ తీసుకున్నవారిలో కణితి స్పందించినది సుమారు 47 శాతం మందిలో, తీసుకోనివారిలో సుమారు 61 శాతం మందిలో. జీవితకాలంలో తేడా కనబడకపోయినా, తరువాతి విశ్లేషణలు ఆ భయాన్ని బలపరచకపోయినా, ఆ ఒక్క అంకె చాలామంది ఆంకాలజిస్టుల చేతిని వెనక్కి లాగింది. పిల్లల్లో రెండో క్యాన్సర్ వస్తుందేమోనన్న అనుమానంతో యూరప్ 2011లో నిషేధం విధించి, అధిక మోతాదు అవసరమయ్యే పిల్లల విషయంలో 2017లో దాన్ని ఎత్తివేసింది. మీ పదార్థం ఎంత మంచిదైనా ఈ దారిలోనే నడవాలి. కాబట్టి కణితికి సంబంధించిన సమాచారాన్ని చివరికి వాయిదా వేయకుండా మొదటి పత్రంలోనే చేర్చడం మంచిది.

ఆంకాలజిస్టులు ఇలాంటి వాటిని అనుమానంగా చూడడానికి ఇంకో కారణం ఉంది. కీమో నడుస్తుండగా గుండెకు బలమని ఎవరో చెప్పారని యాంటీ ఆక్సిడెంట్ పొడులు, గుళికలు తెచ్చి చూపించే కుటుంబాలు మాకు తరచుగా ఎదురవుతాయి. చూపించేవారు నయం, చూపించకుండా వాడేవారే ఎక్కువ. స్వీడన్‌లో 2014లో చేసిన అధ్యయనంలో, ఊపిరితిత్తుల కణితులున్న ఎలుకలకు యాంటీ ఆక్సిడెంట్లయిన ఎన్-ఎసిటైల్ సిస్టీన్, విటమిన్ ఇ ఇస్తే కణితులు వేగంగా పెరిగాయి. పీ53 చురుకుదనం తగ్గడం అందుకు కారణంగా కనిపించింది. పొగతాగేవారికి బీటా కెరోటిన్ ఇచ్చిన రెండు పెద్ద ప్రయోగాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిన సంగతి 1994, 1996 నాటిది. రియాక్టివ్ ఆక్సిజన్‌ను అణిచాను కాబట్టి మేలు చేశాను అనే వాదన క్యాన్సర్ వార్డులో చెల్లదు.

ప్లేటులో చూసినది మనిషిలో నిలబడుతుందా అన్నదానికి, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ల కథ చూడండి. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) రోగులు 300 మందిలో జరిపి 2023లో ప్రకటించిన ప్రయోగంలో, రోజుకు 40 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ తీసుకున్నవారిలో 9 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 22 శాతం మందికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ గణనీయంగా తగ్గింది. అంతకు ముందు ఏడాది, ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ రోగులున్న మరో ప్రయోగంలో అదే మందు వల్ల లాభమేమీ కనబడలేదు. రోగులకు అందిన డాక్సోరూబిసిన్ మోతాదు రెండింటిలో ఒకటి కాదు. లింఫోమా వారికి ఎక్కువ మోతాదు చేరింది.

---

హెబ్బాళ్ జేఆర్‌ఎఫ్

అందరికీ కృతజ్ఞతలు. కణాలు లేని వెల్స్‌తో ఎంటీటీ పరీక్ష రేపే పెడతాను. కణితి ఉన్న ఎలుకలతో ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, నిధులు రెండూ ఇప్పట్లో వచ్చేలా లేవు. అంతవరకు కణాలతోనే చేయగలిగే పనిలో ఏది తప్పనిసరి, ఏది తరువాత చేసుకోవచ్చు? హెచ్9సీ2 కణాలను విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లంతో పరిపక్వం చేయించి వాడమని ఒక మిత్రుడు అంటున్నాడు. దానిపై మీ అభిప్రాయం కూడా చెప్పండి. నీలాంగరై గారు, రోగి రక్తంలో డాక్సోరూబిసిన్ ఎంత సాంద్రతలో ఉంటుందో తెలిస్తే నా మోతాదు సరైనదో కాదో చూసుకుంటాను.

---

జవాబు: నీలాంగరై (చెన్నై)

ఎక్కించిన తొలి నిమిషాల్లో కొన్ని మైక్రోమోలార్ దాకా ఉండి, గంటలోపే ఒక మైక్రోమోలార్ కంటే బాగా కిందికి దిగిపోతుంది. ఆపైన నానోమోలార్లలోనే చాలాసేపు ఉంటుంది. మీరు 5 మైక్రోమోలార్‌ను 24 గంటల పాటు ఉంచుతున్నారు. ఏ రోగి గుండె కూడా అంతటి సాంద్రతలో అంతసేపు మునిగి ఉండదు. మీ పాలీఫినాల్‌కు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. నోటి ద్వారా తీసుకున్న పాలీఫినాల్స్ పేగులోనూ కాలేయంలోనూ సల్ఫేట్, గ్లూకురొనైడ్ రూపాల్లోకి మారిపోతాయి కాబట్టి, ప్లేటులో మీరు పోసే సాంద్రత రక్తంలో ఎన్నడూ రాకపోవచ్చు.

---

జవాబు: కణవిహారి (బెంగళూరు)

మీ మిత్రుడి సలహాలో సగం మంచిది, సగం ఉచ్చు. హెచ్9సీ2 కణాలు విభజన చెందుతూ ఉంటాయి, అంటే వాటిలో టోపోఐసోమరేజ్ ఆల్ఫా కూడా ఉంటుంది. ఆ లెక్కన మీరు గుండె అనుకుని కాపాడుతున్న కణం, ఈ విషయంలో పెద్దవారి గుండెకంటే కణితికే దగ్గర. కణాలను పెంచే ద్రవంలో సీరం తగ్గించి రెటినోయిక్ ఆమ్లం ఇస్తే విభజన తగ్గి, కండర లక్షణాలు పెరుగుతాయి, అది మేలే. ఉచ్చు ఎక్కడంటే, రెటినోయిక్ ఆమ్లాన్ని గ్రహించే ఆర్ఏఆర్-గామా అనే గ్రాహకం టోపోఐసోమరేజ్ బీటా జన్యువును అణిచి ఉంచుతుంది. ఆ గ్రాహకపు జన్యువులో ఒక మార్పు ఉన్న పిల్లల్లో ఆంత్రాసైక్లిన్ల (డాక్సోరూబిసిన్ చేరిన మందుల వర్గం) వల్ల గుండె దెబ్బతినే ముప్పు ఎక్కువని 2015లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. కాబట్టి పరిపక్వతకు వాడిన పదార్థమే రక్షణ ఇచ్చి, ఆ పేరు మీ పాలీఫినాల్‌కు దక్కే అవకాశం ఉంది. రెటినోయిక్ ఆమ్లం ఇచ్చిన, ఇవ్వని కణాల్లో ఆల్ఫా, బీటా రెండింటినీ వెస్టర్న్ బ్లాట్‌లో (ఏ ప్రొటీన్ ఎంత ఉందో చూపే పరీక్ష) చూసి, ఆ చిత్రాన్ని పత్రంలో చేర్చండి.

తప్పనిసరి అన్నవాటిలో నా దృష్టిలో మొదటిది, డాక్సోరూబిసిన్ మోతాదును నానోమోలార్ల నుంచి మొదలుపెట్టి వరుసగా పెంచుతూ, గుండె కణాలపైనా క్యాన్సర్ కణాలపైనా ఒకే రోజు, ఒకే స్టాక్‌తో, పదార్థం ఉన్నప్పుడూ లేనప్పుడూ పూర్తి వక్రరేఖలు గీయడం. ఒకే మోతాదు దగ్గర రెండు కడ్డీల పటం గీసి తేడా ఉందనడం సరిపోదు. పదార్థం వల్ల క్యాన్సర్ కణాల వక్రరేఖ కుడివైపు జరిగితే, అంటే వాటిని చంపడానికి ఎక్కువ మందు కావలసివస్తే, గుండె వైపు ఎంత జరిగినా ప్రయోజనం లేదు. క్యాన్సర్ కణాల విషయంలో 24 గంటల పరీక్షను నమ్మకండి. మందు తీసేసి, మిగిలిన కణాలను పలుచగా చల్లి, పది పద్నాలుగు రోజుల తరువాత ఎన్ని కాలనీలు లేచాయో లెక్కపెట్టండి. ఆ రోజు బతికిన కణం మళ్ళీ పెరగగలదా లేదా అన్నదే వైద్యుడికి కావలసినది. గుండె కణం విషయంలో కాలనీల లెక్కకు అర్థం లేదు. అక్కడ మైటోకాండ్రియాల శ్వాస, డీఎన్ఏ తెగినచోట కనిపించే గామా హెచ్2ఏఎక్స్ చుక్కలు చూడాలి.

ఎంసీఎఫ్-7 ఒక్కటే చాలదు. దానిలో కణం చావును నడిపే కాస్పేజ్-3 అనే ప్రొటీన్ లోపించి ఉంటుందని మీకు తెలిసే ఉండవచ్చు. ఆ ప్రొటీన్‌ను చావుకు గుర్తుగా కొలిస్తే, ఆ కణాల్లో ఎప్పుడూ ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. పీ53 పాడైన ఎండీఏ-ఎంబీ-231 అనే మరో రొమ్ము క్యాన్సర్ కణాన్ని తోడుగా పెట్టుకోండి. ఎంసీఎఫ్-7లో పీ53 సక్రమంగానే ఉంటుంది గనుక, మీ పదార్థం పీ53 ద్వారా పనిచేస్తుంటే ఆ రెంటి మధ్య తేడా బయటపడుతుంది. వీలైతే ఒక లింఫోమా కణాన్ని కూడా చేర్చండి. ప్రతి ప్లేటులోనూ డెక్స్రాజోక్సేన్‌ను పోలికకు ఉంచడం తప్పనిసరి. ఇప్పటికే ఉన్న మందుకంటే మీది ఏ విధంగా మెరుగో చెప్పలేని పత్రాన్ని సమీక్షకులు వెనక్కి పంపిస్తారు.

తరువాత చేసుకోవచ్చు అన్నది మనిషి మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలతో పని. డాక్సోరూబిసిన్ వల్ల గుండె దెబ్బతిన్న రొమ్ము క్యాన్సర్ రోగుల నుంచి అలాంటి కణాలు తయారుచేస్తే, దెబ్బతినని రోగుల కణాలకంటే అవి మందుకు ఎక్కువగా లొంగాయని 2016లో చూపారు. మన దేశానికి సంబంధించి ఇందులో ప్రత్యేకమైన ప్రశ్న ఒకటుంది. ఎంవైబీపీసీ3 అనే గుండె ప్రొటీన్ జన్యువులో 25 బేస్‌జతలు లోపించడం భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందనీ, అది గుండె కండర వ్యాధికి దారితీయగలదనీ 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం తేల్చింది. ముందే బలహీనత ఉన్న ఆ గుండె కణం డాక్సోరూబిసిన్‌ను ఎలా తట్టుకుంటుంది, అక్కడ రక్షణ పదార్థం ఎంత పనిచేస్తుంది అన్నవి ఇక్కడివారే అడగవలసిన ప్రశ్నలు.

బళ్ళారి రోడ్డులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థలో మూలకణాలతోనూ గుండె కండర వ్యాధులతోనూ పనిచేస్తున్నవారు ఉన్నారు. మీ హెబ్బాళ్ నుంచి ఎంతో దూరం కాదు. మీ గైడ్ గారి పేరుతో ఒక ఉత్తరం రాయించండి. అలా పెంచిన గుండె కణాలు కొట్టుకోవడం మొదలుపెట్టాక కూడా పరిపక్వం కావడానికి కనీసం నెల పడుతుంది కాబట్టి, ప్లేట్ల పని మొదలుపెట్టేలోపే ఆ ఉత్తరం వెళ్ళడం మంచిది. ఉత్తరంతో పాటు ఆల్ఫా, బీటా బ్లాట్ కూడా పంపగలిగితే వారు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెప్పినట్టవుతుంది.